పడవ పలకల గోడ

సముద్రంలో కలవబోయే ఏటి ఒడ్డున ఆ వీధిలో చివరి ఇల్లు పడవలు కట్టేవాళ్ళది. దూరం నుంచి చూస్తే ఇల్లు నీళ్ళలోకి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్తే తొంగి చూడడం కాదు, నిజంగానే ఒరిగిందని తెలుస్తుంది. కింద అంతా ఒకటే గది, ఒక పడవ నిండుగా పట్టేంత పొడవు. దాని నేల ఏటివైపు వాలుగా దిగి రెండు రెక్కల తలుపు దగ్గర ఆగుతుంది. ఆ తలుపు అవతల మెట్లుండవు, నీళ్ళే. పైన రెండు గదులు. వాటిలో నారత్త ఒక్కతే ఉంటుంది.

ఆమె అసలు పేరు జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడే బయటికొచ్చేది. ఊరికి ఆమె నారత్త. ఎవరితో మాట్లాడుతున్నా తొడ మీద నార పేనుతూనే ఉండడం వల్ల ఆ పేరు పడింది. పడవ పలకల మధ్య సందుల్లో నూనె, గుగ్గిలం పట్టించిన నార కుక్కడం ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని. అమ్మ చనిపోయాక అది ఆమెకి వచ్చింది. పలక కోసేది నాన్న, బిగించేది అన్న, సందు మూసేది ఆమె. ఆమె కుక్కిన సందులో చీమ కూడా దూరదని ఒడ్డంతా చెప్పుకునేవారు. పొగడ్తకి పొంగిపోయే రకం కాదు నారత్త. "చీమకి పడవలో ఏం పని?" అనేది.

సంబంధాలు రాకపోలేదు. ఒకాయన చేతుల్లో గుగ్గిలం వాసన పోతుందా అని అడిగాడు. పోదని ఆమే చెప్పి పంపించింది. ఇంకొకరు పెళ్ళిచూపులకి సరిగ్గా ఏటికి పోటు ఎక్కే వేళకి వచ్చారు. ఫలహారం సగంలో ఉండగా పడమటి గోడలోంచి చప్పుడైంది. గోడ అవతల ఎవరుంటారని అబ్బాయి తల్లి అడిగింది. ఎవరూ ఉండరు, ఏరే, అన్నాడు నాన్న. వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగకుండా లేచారు. ఆ తర్వాత ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు, నారత్త కూడా ఎదురు చూడలేదు.

ఆ గోడ సంగతి చెప్పాలి.

పడవ పొట్ట మీద పైచెక్కలు బిగించాక లోపల చీకటి. అప్పుడు ఒకరు లోపలికి దిగి కొయ్యసుత్తితో పలక పలకా కొట్టుకుంటూ పోవాలి. బయట ఒకరు అరచెయ్యి ఆనించి ఆ దెబ్బ వెంట నడవాలి. నోటితో కేకేస్తే పడవ పొట్టలో మాట నలుమూలలా పాకి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అందుకని మాటలుండవు, దెబ్బలే. సందు గట్టిగా ఉంటే బయటివాళ్ళు ఒక దెబ్బ కొడతారు, లోపలివాడు ముందుకి జరుగుతాడు. బోలుగా వినిపిస్తే రెండు కొడతారు, లోపలివాడు కదలకుండా అక్కడే మళ్ళీ మళ్ళీ కొట్టాలి, సందు దొరికేదాకా. లోపల ఎప్పుడూ అన్న, బయట ఎప్పుడూ ఆమె. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అన్న. ఒక్క పడవ పొట్టలోనే నోరు మూసుకుని ఉండేవాడు.

కొత్త పడవని మొదట కట్టినవాడే ఒంటరిగా ఏటి మలుపు దాకా తీసుకెళ్ళి రావడం వాళ్ళ పద్ధతి. ఆ పొద్దున అన్న అలాగే వెళ్ళాడు. గాలి లేదు, ఏరు అద్దంలా ఉంది. మధ్యాహ్నం పోటుతోపాటు పడవ వచ్చింది. తెడ్డు వేసేవాళ్ళు లేకుండానే వచ్చి, కట్టేసినట్టు రెండు రెక్కల తలుపు ముందు ఆగింది. లోపల చుక్క నీరు లేదు. అన్న కొయ్యసుత్తి పొట్టలో ఉంది. అన్న లేడు. ఒడ్డున ఉన్న వలలన్నీ వేసి వెతికారు. ఏరు ఏమీ ఇవ్వలేదు.

మనిషిని మింగిన పడవని ఎవరు కొంటారు? చిల్లు లేని పడవని పగలగొట్టి పొయ్యిలో పెట్టడానికి నాన్నకి చెయ్యి రాలేదు. అప్పటికి పై అంతస్తులో పడమటి గోడ, ఏటివైపుది, గాలివానకి దెబ్బతిని ఉంది. పడవని నిలువునా కోసి, ఒక సగాన్ని వంగిన కొయ్యలతో సహా అలాగే పైకెక్కించి లోపలి గోడగా నిలబెట్టాడు. రెండో సగం పలకలు విప్పి అవతలివైపు బయటి గోడ కట్టాడు. పడవ కట్టేవాడికి గోడ కట్టమంటే ఇంకెలా కడతాడు! గది వైపుకి అది పడవ పక్కలాగే ఉబ్బెత్తుగా ఉంటుంది. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నిలబడితే పట్టేంత ఖాళీ.

ఆ ఏడాదే చప్పుడు మొదలైంది. రోజూ కాదు. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో, నీళ్ళు తలుపు రెక్కల్ని తాకి నిండుగా ఆగిన వేళ, గోడలోంచి కొయ్య మీద కొయ్య కొట్టినట్టు ఒక్క దెబ్బ. కాసేపు ఆగి ఇంకొకటి. మొదటిసారి విన్నప్పుడు నారత్త మెట్ల పైమెట్టు మీద కూర్చుని నార పేనుతోంది. చెయ్యి దానంతట అదే పక్కనున్న సుత్తిని అందుకుంది. చెవికి బోలుగా వినిపించింది కాబట్టి రెండు కొట్టింది. లోపలినుంచి అక్కడే మళ్ళీ దెబ్బ పడింది.

నాన్న అంతా విన్నాడు. మర్నాడు గుగ్గిలం ఎక్కువ తెచ్చాడు.

అప్పటినుంచి ఏటేటా నారత్త ఆ గోడ సందుల్ని పడవకి చేసినట్టే మూస్తూ వచ్చింది. ఇటు గదిలోంచి, అటు తాడుకి వేలాడే పీట మీద కూర్చుని ఏటివైపునుంచి. లోపలికి నీళ్ళు పోకూడదు, అంతే ఆమెకి తెలిసింది. నాన్న పోయాక మంచం తెచ్చి ఆ గోడకే ఆనించుకుంది. మెట్ల దగ్గర కూర్చుని జవాబిచ్చే పని తప్పింది, పడుకునే రెండు కొట్టొచ్చు. ఫైబరు పడవలొచ్చి కొయ్య పడవల పని ఎత్తిపోయింది. కింది గదిలో ఎలుకలు కాపురం పెట్టాయి. పోటు వేళ ఆ ఇంటి కిందుగా వల లాగేవాళ్ళు మాటలు ఆపేసి గబగబా దాటిపోయేవారు. నారత్తకి మాత్రం ఒంటరిదాన్నన్న బాధ ఉన్నట్టు ఎవరికీ కనిపించలేదు.

ఇల్లు ఒరగడం మొదట పాలగిన్నె చెప్పింది. పొయ్యి మీద పాలు ఎప్పుడూ పడమటివైపే పొంగేవి. తర్వాత తలుపులు వాటంతట అవి తెరుచుకునేవి. చివరికి మునిసిపాలిటీవాళ్ళు వచ్చి చూసి, వానాకాలం లోపల బాగుచేయించుకోకపోతే తామే పడగొడతామని చెప్పి వెళ్ళారు. వాళ్ళ వెనకే పాత కట్టడాల సంఘం నుంచి ఒకామె వచ్చింది. ఒడ్డు పొడవునా ఇలాంటి ఇల్లు ఇదొక్కటే మిగిలిందనీ, ఖర్చు సంఘానిదేననీ, బాగుచేశాక కింది గది చూడ్డానికి జనం వస్తారు గానీ పై గదులు ఆమెవేననీ చెప్పింది. నారత్త ఆమెకి కట్టడాలమ్మాయి అని పేరు పెట్టేసింది. ఆమెతోపాటు ఒక వడ్రంగి వచ్చాడు. అతని తాత ఒకప్పుడు ఇదే కింది గదిలో పలకలు చిత్రిక పట్టినవాడు.

నేలా, దూలాలూ, మెట్లూ చూసుకుంటూ కట్టడాలమ్మాయి పడమటి గోడ దగ్గర ఆగింది. అరచేత్తో తట్టింది. ఇంకోచోట తట్టింది. మొహం మారింది.

"అమ్మా, ఈ గోడ విప్పాలి."

"ఇల్లంతా విప్పుకో. ఇది తప్ప," అంది నారత్త.

"రోగం ఇక్కడే ఉందమ్మా. మిగతా ఇల్లు గట్టిది. దీని బరువే ఇంటిని లాగేస్తోంది."

"చెక్కకి అంత బరువేమిటి?"

"అదే నాకూ తెలియాలి."

వడ్రంగి నవ్వుతూ గోడకి చెవి ఆనించాడు. "అత్తా, మా తాత చెప్పేవాడు, ఈ గోడలో మీ అన్న ఉన్నాడని. నిజమేనా?"

"మీ తాత తాగేవాడు కూడా. అది చెప్పలేదా?"

"అది మా నాయనమ్మ చెప్పింది."

నారత్తకి నవ్వొచ్చింది గానీ గోడ సంగతిలో మెత్తబడలేదు. నాలుగైదుసార్లు వచ్చారు, నాలుగైదుసార్లూ అదే మాట. చివరికి కట్టడాలమ్మాయి మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, బతిమాలకుండా, దాచకుండా చెప్పింది. గోడ విప్పకపోతే వానల్లో ఇల్లు ఏట్లో పడుతుంది. దానితోపాటు గోడా పడుతుంది. అప్పుడు లోపల ఏముందో, ఎవరున్నారో, అంతా నీళ్ళపాలే.

ఆ చివరి మాట నారత్తకి తగిలింది. ఇల్లు కావాలా, గోడ కావాలా అన్నది కాదు లెక్క. గోడ ముట్టుకుంటే చప్పుడు పోతుంది, ముట్టుకోకపోతే ఇల్లే పోతుంది. చాలాసేపు తొడ మీద నార పేనింది.

"ఒక్క కన్నం," అంది. "చిన్నది. చూసి మూసెయ్యాలి."

వడ్రంగి గోడ అడుగున, నేలకి జానెడు పైన, బరమా పెట్టి తిప్పాడు. పలక దళసరిది, తిరగగా తిరగగా బరమా సగానికి దిగింది. ఒక్కసారిగా అతని చెయ్యి లోపలికి లాగినట్టయింది. బరమా బయటికి తీసేసరికి వేలంత లావు నల్లటి ధార అతని ఛాతీకి తగిలింది.

బకెట్లు తెచ్చారు. బకెట్లు నిండాయి. కన్నానికి గొట్టం తగిలించి కిటికీలోంచి ఏట్లోకి వదిలారు. మధ్యాహ్నం గడిచినా ధార సన్నబడలేదు. గోడ గోడంతా నీళ్ళే, నిలువుగా.

కట్టడాలమ్మాయి తల పట్టుకుంది. "చూరు నుంచి కారిందమ్మా. ప్రతి వానకీ కొంచెం కొంచెం. మామూలు గోడైతే సందుల్లోంచి బయటికి పోయేది, ఎండకి ఆరిపోయేది. మీరు సందన్నది లేకుండా మూసేశారు." ఒక సందు మీద వేలు పెట్టి చూపించింది. "పడవైతే నీళ్ళు బయటుంటాయి కదమ్మా."

నారత్త ఆ సందునే చూసింది. పడవ కట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ అలాంటి పని చేసి ఉండరు. నీళ్ళు లోపలికి రాకుండా మూయడమే నేర్చిన చెయ్యి, లోపలున్న నీళ్ళకి దారి కావాలని ఎప్పుడూ అనుకోలేదు. ఇంటిని కాపాడుతున్నాననుకుంటూ ఏటేటా ఏట్లోకి తోసింది తనే.

వడ్రంగి మొహం తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి పెదాలు నాలికతో తడిమి చూసుకున్నాడు. "వాననీళ్ళే కదా అన్నారు?"

"అవును."

"ఉప్పగా ఉన్నాయి."

కట్టడాలమ్మాయి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఎంత పెద్ద పోటు వచ్చినా ఏరు పై అంతస్తుకి ఎక్కదు. చూరులోంచి దిగిన వాననీళ్ళకి ఉప్పెలా పట్టిందో ఆమెకి తెలియలేదు. తెలియదనే చెప్పింది. చెక్కకి పట్టిన పాత ఉప్పు కావచ్చు అంది గానీ, ఆ మాట మీద ఆమెకే నమ్మకం కుదిరినట్టు లేదు.

ధార ఆగాక, పై వరసలో ఒక్క పలక విప్పితే లోపల చూడొచ్చన్నాడు వడ్రంగి. అది ఒప్పందంలో లేదు. అయినా నారత్త తలూపింది. నీళ్ళు వెళ్ళిపోయిన గోడ ఆమెకి ఆకలితో ఉన్న మనిషిలా కనిపించింది. పలక ఊడింది. ఏళ్ళ తరబడి మూతపడ్డ చల్లదనం, గుగ్గిలం వాసనతో గదిలోకి దిగింది. ముందు తనే చూస్తానంది నారత్త. నిచ్చెన ఎక్కి, టార్చిలైటు పట్టుకుని లోపలికి తల పెట్టింది.

ఎముకలు లేవు, బట్టల పేలికలు లేవు. అవి ఉంటాయని ఆమె అనుకోలేదు కూడా. అడుగున నల్లటి తడి. వంగిన కొయ్యలు పక్కటెముకల్లా నిలబడి ఉన్నాయి. పలకల లోపలి మొహాల మీద కొయ్యసుత్తి నొక్కులు, గుండ్రంగా. ఏ పడవకైనా ఉంటాయి అలాంటివి. సందు వెంట ఒక్కొక్కటిగా, దూరం దూరంగా, పడవ ముక్కునుంచి చివరిదాకా. అవి అన్న బతికుండగా కొట్టినవి.

ఆమె టార్చి కదలకుండా ఆగిపోయింది వాటి మీద కాదు. మెట్ల వైపున ఒకచోట పలక గిన్నెలా లోతుగా అరిగిపోయి ఉంది, నొక్కు మీద నొక్కు, నొక్కు మీద నొక్కు. దానికి దూరంగా ఇంకోచోట అలాగే, ఇంకా లోతుగా, లోపలి పసుపురంగు కొయ్య కనిపించేదాకా. ఆ రెండో గుంట ఎక్కడుందో చూడ్డానికి ఆమె తల బయటికి తీయనక్కర్లేదు. దాని అవతల ఆమె దిండు ఉంది.

నిచ్చెన దిగి మంచం మీద కూర్చుంది. వడ్రంగి ఎక్కి చూశాడు. దిగేసరికి అతని మొహంలో వేళాకోళం లేదు.

"గోడలకి చెవులుంటాయంటారు అత్తా. మీ గోడకి చేతులున్నట్టున్నాయి." నవ్వించాలనుకున్నాడు గానీ అతనికే నవ్వు రాలేదు. తర్వాత అడిగాడు. "చప్పుడైనప్పుడు నువ్వేం కొడతావు?"

"రెండు."

"అంటే?"

"బోలుగా ఉంది, అక్కడే ఉండి కొట్టు, అని."

"ఎప్పుడూ రెండేనా?"

"బోలుగానే వినిపించేది మరి. ఒకటి కొడితే ముందుకి జరిగిపోతాడు." చెప్పడం అలవాటు కాని మాట అది. "దూరంగా పోతాడు."

వడ్రంగి నేల మీది తడిని కాలివేలితో రాశాడు. తాత దగ్గర సగం సగం విన్న పని అతనిది. "మరి లోపలివాడు బయటికెప్పుడు వస్తాడు అత్తా?"

"మూడు కొడితే," అంది నారత్త. "పడవ బాగుంది, పనైపోయింది, వచ్చెయ్ అని. అది వినకుండా రాకూడదు. వస్తే పనివాడు కాడు."

అన్నాక, ఆ మాట తనే విన్నట్టు ఆగిపోయింది. ఆమె చేతిలో నార ఆగడం ఆ ఒడ్డు మీద ఎవరూ చూసి ఉండరు. కట్టడాలమ్మాయి చూసింది.

"మిగతా పలకలు రేపు విప్పుకుందాం అమ్మా," అంది చివరికి. "ఇవాళ్టికి చాలు."

"వద్దు. ఉండండి," అంది నారత్త. "పోటు ఎక్కుతోంది."

పొద్దు ఇంకా వాలలేదు. కిటికీలోంచి పడ్డ ఎండ గది నేల మీద సగం దాకా పరుచుకుని ఉంది. కింద ఏరు వాలునేల మీదికి పాకుతున్న చప్పుడు, తలుపు రెక్కలకి నీళ్ళు తగులుతున్న చప్పుడు. తర్వాత అదీ ఆగింది. నీళ్ళు నిండుగా నిలబడ్డాయి. ఖాళీ అయిపోయిన గోడలో తేలడానికి ఏమీ లేదు, కదలడానికి ఏమీ లేదు. వడ్రంగి కళ్ళారా చూసి దిగాడు.

దెబ్బ పడింది. మంచం తల వైపున, దిండుకి అవతల. కొయ్య మీద కొయ్య.

కట్టడాలమ్మాయి చెయ్యి దానంతట అది వెళ్ళి వడ్రంగి భుజాన్ని పట్టుకుంది. పైన విప్పిన పలక చోటు తెరిచే ఉంది. ఎవరైనా నిచ్చెన ఎక్కి చూడొచ్చు. ఎవరూ ఎక్కలేదు.

రెండో దెబ్బ పడింది. ఓపిగ్గా, తొందర లేకుండా, పని తెలిసినవాడి దెబ్బ.

నారత్త సుత్తి అందుకుంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. పని చివర సరిచూసుకునే మనిషి మొహమే అది. ఎడమ అరచెయ్యి పలకకి ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది. ఈ చప్పుడే కదా ఆమెకి ఇంట్లో మనిషి అలికిడి. ఇది పోతే మిగిలేది గోడ. అలిసిపోయినవాణ్ణి ఇంకా కూర్చోమని బతిమాలినట్టు, ఒక దెబ్బ కొట్టి ఆగింది. రెండోది కొట్టింది. అక్కడ చెయ్యి గాలిలో నిలిచిపోయింది. లోపల కూడా ఏదో వింటున్నట్టు నిశ్శబ్దం.

మూడోది కొట్టింది.

జవాబు రాలేదు. దానికి బదులు పలక వెనక ఏదో బరువైనది వెనక్కి తిరుగుతున్నట్టు, ఇరుకులో ఒళ్ళు రాసుకుంటూ కదిలినట్టు వినిపించింది. అది గోడ పొడవునా మెట్ల వైపుకి నెమ్మదిగా సాగింది. అది ఎక్కడిదాకా పోయిందో ఆమె అరచేతికి తెలుస్తూనే ఉంది. చెయ్యి పలక మీద జరుపుకుంటూ వెంట నడిచింది. మెట్ల దగ్గర గోడ అయిపోయింది. అరచేతికి తెలియడం ఆగింది. తర్వాత పై మెట్టు కిర్రుమంది. ఆ కిందిది. ఇంకా కిందిది.

కింద రెండు రెక్కల తలుపు గడియ ఒకసారి కదిలి ఆగింది. ఆ గడియ చెమ్మకి ఉబ్బి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, రెండో మనిషి సాయం కావాలి.

వడ్రంగి దిగి వెళ్ళాడు. ఎందుకెళ్ళాడో తర్వాత ఎంతమంది అడిగినా చెప్పలేకపోయాడు. గడియని భుజంతో ఎత్తి, రెక్కలు రెండూ బార్లా తీశాడు. నిండుగా ఉన్న ఏరు, ఎండ, గదంతా వెలుగు. తీసినవాడు గుమ్మంలో నిలబడలేదు. బరువు మోసుకొస్తున్నవాడికి దారి ఇచ్చినట్టు గోడకి ఒత్తుకుని పక్కకి తప్పుకున్నాడు. కాసేపు అలాగే తలొంచుకుని నిలబడ్డాడు. వాలునేల చివర నీళ్ళు ఒక్కసారి లోపలికి అణిగి, మళ్ళీ సమానమయ్యాయి.

పైన, మెట్లకేసి చూస్తున్న కట్టడాలమ్మాయి వెనకనుంచి టకటకమని చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడి తిరిగి చూసింది. అది నారత్తే. ఉలి తీసుకుని పడమటి గోడ సందుల్లోంచి తను కుక్కిన నారని లాగేస్తోంది. గట్టిగా కుక్కినది, తేలిగ్గా రావడం లేదు. మూర మూరా నల్లటి నార మంచం మీద కుప్ప పడుతోంది.

"మీరు చేయక్కర్లేదమ్మా, మా వాళ్ళు చేస్తారు."

"మీవాళ్ళకి చేతకాదు. కుక్కింది నేను," అంది నారత్త వెనక్కి చూడకుండా. "ఆ మంచం అవతలి గదిలో వేయించు. ఇక్కడ గాలి ఎక్కువ కొడుతుంది ఇక."